హైదరాబాద్ బర్కత్‌పురాలో పాత ఇల్లు: సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారు?

మా తాతగారు 1940లలో కట్టించిన ఇంటిని బాగుచేయిస్తున్నాం. ముందువైపు గుండ్రంగా తిరిగిన బాల్కనీ, గ్రిల్‌లో ఉదయించే సూర్యుడు, అచ్చం ఆర్ట్ డెకో (1920-40ల నాటి పాశ్చాత్య భవన శైలి). లోపలికి వెళ్తే మండువా, సున్నపు గోడలు, రంగుల పూల సిమెంట్ పలకల నేల.

ఇంటీరియర్ డిజైనర్ ఇవన్నీ తీసేసి రోమన్ స్తంభాలు, ఫాల్స్ సీలింగ్ పెడదామంటున్నారు. అమ్మ ఆయన పార్టీయే! "ఆర్ట్ డెకో కూడా ఫారిన్ స్టైలే కదా" అని ఆయన వాదన. నిజమే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని డిజైన్ చేసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం ఆయన, హైకోర్టు కట్టిన విన్సెంట్ ఎష్ ఇంగ్లండ్ ఆయన. కానీ వాళ్లు ఇక్కడి రాయినీ, ఆర్చీలనూ కలుపుకున్నారు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) స్తంభం దేనితో కలుస్తుంది చెప్పండి?

అసలు టెన్షన్ గోడలది. కింద రెండడుగుల వరకు చెమ్మ ఎక్కి ప్లాస్టర్ పొడిలా రాలుతోంది. సిమెంట్ పూస్తే తేమ బయటికి పోక లోపలే ఉండి ఇంకా పాడవుతుందని చదివాను, కాంట్రాక్టర్ మాత్రం వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపితే చాలంటున్నారు. మీలో ఎవరైనా సున్నంతోనే మళ్లీ చేయించారా? చదరపు అడుగుకు ఎంతైంది? వైరింగ్ కోసం గోడలు తవ్వకుండా పైపైన పైపులు వేస్తే మరీ ఎబ్బెట్టుగా ఉంటుందా?

పగిలిన పలకలకు జత, ఇలాంటి పలకలకు పేరున్న తమిళనాడు ఊరు ఆత్తంగుడిలో చేయించవచ్చని ఒకరన్నారు. హైదరాబాద్‌లోనే చేసేవాళ్లుంటే చెప్పండి, నెలాఖరులోగా పని మొదలుపెట్టాలి.