బతుకమ్మ పాటలను సీడీ చేయడానికి ఏ శాంపుల్ రేటులో రికార్డు చేయాలి?

ప్రశ్న – నల్లగొండ నుంచి

అందరికీ నమస్కారం. మా చిన్నమ్మ, ఆమె ఈడు ఆడవాళ్లు మరో ఆరుగురు కలిసి పాడే బతుకమ్మ పాటలను పోయిన పండుగకు ముందు మా ఇంట్లోనే రికార్డు చేశాను. వాటిలో కొన్ని పాటలు మొదటి నుంచి చివరి దాకా మా వాడలో వాళ్లకు తప్ప ఇంకెవరికీ రావు. వాటిని సీడీలుగా చేసి చుట్టాలకూ, మా గుడి మైకు సెట్టుకూ ఇవ్వాలన్నది నా కోరిక. పెద్దవాళ్ల ఇళ్లలో ఉన్నవి పాత సీడీ ప్లేయర్లే కాబట్టి పెన్‌డ్రైవ్ ఇచ్చినా వాళ్లకు ఉపయోగపడదు.

నా రికార్డర్‌లో 44.1, 48, 88.2, 96, 192 కిలోహెర్ట్జ్ అని ఐదు శాంపుల్ రేట్లు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి రాసుకోవాలన్నది) ఉన్నాయి. నేను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో (బిట్ అంటే ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకోవాలన్నది) రికార్డు చేశాను. సీడీకి 44.1 ఉండాలని తెలిసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ పక్కనున్న మెనూలో 48000 అని ఉన్న చోట 44100 అని మార్చి బర్న్ చేశాను. సీడీ ఆడింది కానీ, రెండు చరణాలు వినగానే చిన్నమ్మ "ఇది నా గొంతు కాదు బిడ్డా, ఎవరో మగమనిషి పాడినట్టున్నది" అన్నది. పది నిమిషాల పాట దాదాపు పదకొండు నిమిషాలు నడుస్తున్నది.

ఈసారి పండుగకు ముందే మిగతా పాటలు కూడా రికార్డు చేయాలి. 192 పెడితేనే నాణ్యత వస్తుందని ఒక మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఏ రేటు పెట్టాలి, పాత రికార్డింగును ఎలా బాగు చేయాలి అన్నది దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు – మహబూబ్‌నగర్ నుంచి

మీ రికార్డింగు చెడిపోలేదు, ముందు ఆ దిగులు వదిలేయండి. జరిగింది ఇది: రికార్డర్ సెకనుకు 48,000 శాంపుల్స్ చొప్పున రాసిపెట్టిన ఫైలును, సెకనుకు 44,100 మాత్రమే చదవమని మీరు సాఫ్ట్‌వేర్‌కు చెప్పారు. శాంపుల్స్ ఒక్కటీ తగ్గలేదు, వాటిని చదివే వేగం తగ్గింది. అందుకే 10 నిమిషాల పాట 10 నిమిషాల 53 సెకన్లకు సాగింది, శ్రుతి కూడా దాంతోపాటే దిగింది. హార్మోనియం మీద తెల్లమెట్లు, నల్లమెట్లు అన్నీ కలిపి లెక్కపెడితే దాదాపు ఒకటిన్నర మెట్టు కిందికి పోయినట్టు. మీ చిన్నమ్మ చెవి సరిగ్గానే పట్టింది.

ట్రాక్ రేటు మార్చడం వేరు, రీశాంపుల్ చేయడం వేరు. మొదటిది ఉన్న శాంపుల్స్‌కు కొత్త వేగం అంటగడుతుంది, రెండోది అదే ధ్వనిని కొత్త రేటులో తిరిగి లెక్కగట్టి కొత్త శాంపుల్స్ తయారు చేస్తుంది. ఆ మెనూలో మళ్లీ 48000 పెట్టి, పాట సరైన శ్రుతిలో వినిపిస్తున్నదని చూసుకున్నాక, ఎడిటింగ్ అంతా ముగించి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో వేవ్ ఫైలు కావాలని ఎంచుకోండి. మార్పిడి అక్కడ ఒక్కసారే జరగాలి.

ఇక 44,100 అన్న అంకె ఎక్కడిది అన్న సంగతి. మనిషి చెవికి ఎక్కువలో ఎక్కువ 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది, వయసు పెరిగేకొద్దీ అది కూడా తగ్గుతుంది. ఒక ధ్వనిని పూర్తిగా పట్టుకోవాలంటే శాంపుల్ రేటు దాని పౌనఃపున్యానికి రెండింతల కన్నా ఎక్కువ ఉండాలి. 44,100లో సగం 22,050 కాబట్టి, వినికిడి హద్దు దాటాక, పై ధ్వనులను వడకట్టే ఫిల్టర్ పనిచేయడానికి కూడా కొంత జాగా మిగులుతుంది. సరిగ్గా ఆ అంకే ఎందుకంటే, తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద భద్రపరిచేవారు. సెకనుకు 60 ఫీల్డులు (ఒక్కోటి వీడియో బొమ్మలో సగం), ఫీల్డుకు 245 గీతలు, గీతకు మూడు శాంపుల్స్ గుణిస్తే 44,100 వస్తుంది. 50 ఫీల్డులు, 294 గీతలు ఉండే పద్ధతిలో గుణించినా అదే వస్తుంది. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో సీడీ ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు ఆ రేటే నిలిచింది.

కాబట్టి మీరు 192లో రికార్డు చేసినా, సీడీ మీదికి చేరేది 22,050 హెర్ట్జ్ లోపు ధ్వని మాత్రమే. 24 బిట్ స్టీరియోలో మూడు గంటల రికార్డింగుకు 44.1 వద్ద సుమారు 2.9 జీబీ పడితే, 192 వద్ద 12.4 జీబీ పడుతుంది. అంత బరువు మోసినందుకు మీ చిన్నమ్మ గొంతుకు ఒరిగేదేమీ లేదు. సీడీ కోసమే అయితే నేరుగా 44.1లో చేయండి. 88.2ను సరిగ్గా సగం చేస్తే 44.1 అవుతుంది కాబట్టి అది 96 కన్నా మేలని కొందరు అంటారు. పాత కన్వర్టర్ల కాలంలో ఆ మాటకు విలువ ఉండేది, ఇప్పటి మంచి రీశాంప్లర్లకు ఏ రేటు నుంచి వచ్చినా ఒకటే.

నా మట్టుకు శాంపుల్ రేటు కన్నా 24 బిట్ ముఖ్యం. బతుకమ్మ పాటలో గొంతు ఒక తీరుగా సాగుతుండగా, ఏడుగురి చప్పట్లు ఒక్కసారిగా పడే క్షణంలో మీటరు పైకి ఎగురుతుంది. 16 బిట్‌కు సుమారు 96 డెసిబెళ్ల పరిధి ఉంటే, 24 బిట్‌కు లెక్క ప్రకారం 144 దాకా ఉంటుంది. అందువల్ల చప్పట్ల శిఖరాలు మీటరు గరిష్ఠ హద్దు అయిన సున్నాకు కింద, మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా లెవెల్ తగ్గించి పెట్టుకున్నా, గొంతులోని సన్నని జీర పోదు. చివరికి 16 బిట్‌కు దించేటప్పుడు డిదర్ (కావాలని కలిపే అతి సన్నని హోరు) తప్పక వేయండి. అది వేయకపోతే, "ఉయ్యాలో" అని చివరి పలుకు సన్నగిల్లి ఆగిపోయే చోట మెత్తని నిశ్శబ్దానికి బదులు గరగరమనే శబ్దం చేరవచ్చు. రీశాంపుల్ చేసినప్పుడు శిఖరాలు కొద్దిగా పెరగవచ్చు కాబట్టి పైన ఒక డెసిబెల్ ఖాళీ ఉంచండి.

రెండో జవాబు – దేవరకొండ నుంచి

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క మాట మాత్రం కలుపుతాను. పాడుతుండగా ఫోనులో వీడియో కూడా తీసే ఆలోచన ఉంటే 48లోనే రికార్డు చేయండి. వీడియోలో సాధారణంగా వాడే రేటు అదే కాబట్టి బొమ్మకు ధ్వనిని నేరుగా జోడించుకోవచ్చు, సీడీకి మాత్రం చివర్లో 44.1కు దించుకోవచ్చు. ఇంకొకటి, రికార్డు చేసే గదిలో ఫ్యాను ఆపించండి. దాని హోరు ఏ రేటులో పెట్టినా పాటతోపాటే ఎక్కుతుంది.

మూడో జవాబు – మిర్యాలగూడ నుంచి

రేటు సంగతి తేలింది కాబట్టి బర్న్ చేసే సంగతి చెబుతాను, ఎందుకంటే గుడి మైకు సెట్టు దగ్గర ఎక్కువ సీడీలు ఆగిపోయేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌లో డేటా సీడీ కాకుండా ఆడియో సీడీ అని ఎంచుకోవాలి. డేటా సీడీలో ఎంపీత్రీలు వేస్తే పాత ప్లేయర్లు చాలావరకు ఆడవు. సీడీ-ఆర్ మాత్రమే కొనండి. తిరగరాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ కాంతిని తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి పాత యంత్రాల లెన్సు దాన్ని గుర్తించలేకపోతుంది. 700 ఎంబీ డిస్కులో 80 నిమిషాల పాటలు పడతాయి.

పాటల మధ్య ఆపకుండా ఒకదాని వెంట ఒకటి ఎత్తుకునే చోట్ల డిస్కు మొత్తాన్ని ఆపకుండా ఒకేసారి రాసే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతి వాడండి. ఒక్కో ట్రాకును విడిగా రాసే ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో అయితే ట్రాకుకూ ట్రాకుకూ నడుమ రెండు సెకన్ల ఖాళీ వస్తుంది. పైగా సీడీ మీద ఒక సెకను 75 ఫ్రేములుగా, ఒక్కో ఫ్రేము 588 శాంపుల్స్‌గా ఉంటుంది. మీరు పాటను కోసిన చోటు ఆ ఫ్రేము హద్దు మీద పడకపోతే, మిగిలిన భాగాన్ని బర్నింగ్ సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంతో నింపవచ్చు, అప్పుడు ఆ అతుకు దగ్గర చిన్న టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో సీడీ ఫ్రేముల కొలతకు అంటుకునే ఏర్పాటు ఉంటే కోతకు ముందే దాన్ని ఆన్ చేసుకోండి. బర్న్ ముగిశాక డిస్కును ఫైనలైజ్ చేయడం (ఇక రాయడం ముగిసిందని మూసేయడం) మరవకండి. పైన కాగితపు లేబుల్ అంటిస్తే డిస్కు తిరిగేటప్పుడు ఒక పక్కకు ఊగుతుంది, అందుకని నీటి సిరా మార్కరుతో పేరు రాస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు – నల్లగొండ నుంచి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ట్రాక్ రేటును మళ్లీ 48000కు మార్చి, ఎక్స్‌పోర్ట్‌లో 44,100 హెర్ట్జ్, 16 బిట్ ఎంచుకుని, డిదర్ వేసి, డిస్క్-ఎట్-వన్స్‌లో ఒక సీడీ బర్న్ చేశాను. పాట సరిగ్గా 10 నిమిషాలే వచ్చింది. పొద్దున చిన్నమ్మ ఇంటికి తీసుకుపోయి ఆమె పాత ప్లేయర్‌లోనే పెట్టాను. మొదటి చరణం సగం కాకముందే ఆమె కూడా అదే శ్రుతిలో గొంతు కలిపి, చప్పట్లు కొడుతూ పాట చివరి దాకా పాడింది. ఈసారి వీడియో కూడా తీయాలనుకుంటున్నాం కాబట్టి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, ఫ్యాను ఆపి, చప్పట్లు మైనస్ 12 దాటకుండా చూసుకుని రికార్డు చేస్తాను.