బడిలో తల్లిదండ్రుల బృందం: సాయమా, పెత్తనమా?

నాగావళి_గట్టు:
మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు ఊరు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న ప్రభుత్వ బడి. లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్ళాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. కొంతమంది తల్లిదండ్రులం కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాం. రోజుకి ఇద్దరు మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడతారు, సాయంత్రం గంటసేపు పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తారు. ఊళ్ళో బీఎస్సీ చదివిన అమ్మాయి లెక్కలు చెప్తానంది. ఇంటికి నెలకి యాభై రూపాయలు వేసుకుని ఆమెకి ఇస్తున్నాం. హెచ్‌ఎం గారు సరే అన్నారు, మిగతా టీచర్లు మొహం ముడుచుకున్నారు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండగా మధ్యలో మీరెవరు అని ఒకాయన అడిగాడు. మేం చేసింది తప్పంటారా?

లెక్కల_మనిషి:
యాభై రూపాయలకి రసీదు ఇస్తున్నారా?

మాస్టారు_చీపురుపల్లి:
తప్పే. కోపం తెచ్చుకోకుండా వినండి. ఖాళీ పోస్టు ఉన్నచోట ఊరివాళ్ళే చందాలేసుకుని మనిషిని పెట్టుకుంటే, పై ఆఫీసుకి ఆ ఖాళీ ఇంక కనబడుతుందా? టీచర్ల బదులు తాత్కాలికంగా పెట్టుకునే విద్యా వాలంటీర్లతో ఎన్నేళ్ళు నెట్టుకొచ్చారో అందరం చూశాం. టీచర్ల భర్తీకి 2025లో పెట్టిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. అన్ని ఖాళీలు పోగుపడేదాకా బడులు ఎలా నడిచాయి? ఇదిగో, ఇలా యాభై, వంద వేసుకునే నడిచాయి. మీరు మంచి మనసుతోనే చేస్తున్నారు, కాదనను. కానీ డీఈఓ ఆఫీసుకి అర్జీ పెట్టాల్సిన చోట చందా పుస్తకం తెరిచారు.

నాగావళి_గట్టు:
అర్జీ పెట్టాం మాస్టారూ. అది తేలేలోపు మా పిల్లకి ఎనిమిదో తరగతి అయిపోతుంది. నేను పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. బీజగణితం నేను చెప్పలేను.

బొబ్బిలి_వీణ:
కమిటీ ఉండగా ఇంకో బృందం ఎందుకు? 2024 ఆగస్టులో కమిటీలకి ఎన్నికలు పెట్టారు కదా. వాళ్ళేం చేస్తున్నట్టు?

ఎచ్చెర్ల_అమ్మ:
ఏం చేస్తారమ్మా, సంతకాలు చేస్తారు. నేనూ మెంబర్నే. మీటింగు పొద్దున్న పది గంటలకి పెడతారు. ఆ టైంకి నేను ఉపాధి పనిలో ఉంటాను. రిజిస్టరు ఇంటికి వస్తుంది, ఇక్కడ పెట్టమ్మా అంటారు, పెడతాను. మా ఇంటాయన ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల బోట్ల మీద పనికి వెళ్తే మళ్ళీ వేసవికే రావడం. మా వీధిలో సగం ఇళ్ళు ఇంతే. తల్లిదండ్రులు అంటారు గానీ బడి గుమ్మం దాకా వచ్చేది తల్లే.

లెక్కల_మనిషి:
అసలు సంగతి పక్కకి పోతోంది. బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనంలో 15,000కి 13,000 చేతికిచ్చి, బడి నిర్వహణకీ మరుగుదొడ్లకీ అని 2,000 పట్టుకుంటున్నారు. దాని మీద మళ్ళీ యాభై ఏంటి? ఇవ్వలేని ఇంటి పిల్లని ఆ లెక్కల క్లాసులో కూర్చోనిస్తారా?

నాగావళి_గట్టు:
కూర్చోనిస్తాం. ఎవర్నీ లేపలేదు.

లెక్కల_మనిషి:
రసీదు సంగతి చెప్పలేదు.

పలాస_జీడి:
బాబూ, ఆ రసీదు వదిలెయ్యవా?

మాస్టారు_చీపురుపల్లి:
చందా ఒక్కటే కాదు. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళే. బాగుంది. కానీ వచ్చేదెవరు? కాగితం మీద చైర్‌పర్సన్ ఆవిడ, కుర్చీలో ఆవిడ భర్త. మొన్న గుడ్డు చిన్నగా ఉందని ఒక మెంబరు గారి ఇంటాయన పిల్లలందరి ముందు నన్ను "ఏటి మాస్టారూ, సగం మీరు తినేశారా" అన్నాడు. గుడ్లు సప్లై చేసేది కాంట్రాక్టరు, వండేది వంట ఏజెన్సీ, మాట పడేది నేను. ఆ మధ్యాహ్నం ఏడో తరగతి గుంటలు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. ఇప్పుడు మీ బృందం క్లాసులోకి కూడా వస్తానంటుందేమో. ఏడో తరగతి గట్టెక్కని వాళ్ళు వచ్చి నేను చెప్పే పాఠం చూస్తానంటే ఎలా ఒప్పుకుంటాం?

ఎచ్చెర్ల_అమ్మ:
చదువుకోని వాళ్ళం కాబట్టే కదా పిల్లల్ని మీ దగ్గరికి పంపేది. మా వాడి తెలుగు నోటుబుక్కు తీసి చూశాను. దసరా సెలవుల ముందు రాసిన పేజీ దగ్గర ఎర్ర టిక్కు ఉంది. ఆ తరవాత సంక్రాంతి దాకా ఒక్క గీత లేదు. టిక్కు ఉందో లేదో చూడటానికి ఏడో తరగతి పాసవ్వాలా?

పలాస_జీడి:
అదీ మాట.

మాస్టారు_చీపురుపల్లి:
ఒక బడిలో ఒక టీచరు దిద్దలేదని అందర్నీ అంటే ఎలా? సర్వేలు, ట్రైనింగులు, యాప్‌లు, వీటి మధ్య ఎప్పుడు దిద్దాలి?

ఎచ్చెర్ల_అమ్మ:
ఆ మాట మాకు ఎప్పుడైనా చెప్పారా? 2024 డిసెంబరులో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని ముగ్గులు వేయించారు, ఆటలు పెట్టారు, భోజనం పెట్టారు. సంతోషమే. మా వాడికి చదవడం వచ్చా రాదా అని అడిగితే "బానే చదువుతున్నాడమ్మా" అన్నారు. వాడికి ఒత్తులు రావు. మీకు అది తెలుసు, నాకు చెప్పలేదు. మాకు చెప్పినా అర్థం కాదనుకున్నారు. నా బాధ అది. యాభై రూపాయలూ కాదు, గుడ్డూ కాదు.

బొబ్బిలి_వీణ:
చట్టంలో టీచరు విధుల్లోనే ఉంది కదా, తల్లిదండ్రులతో తరచూ కూర్చుని పిల్లల హాజరు, చదువు ఎలా ఉన్నాయో చెప్పాలని.

మాస్టారు_చీపురుపల్లి:
ఉంది, తెలుసు. నేను వద్దన్నది తల్లుల్ని కాదు. పిల్లల ముందు నన్ను నిలదీసే వాళ్ళని. ఒక్కసారి క్లాసులో పరువు పోతే ఆ ఏడాదంతా మాట చెల్లదు. అది మీకు తెలియదు.

నాగావళి_గట్టు:
భర్తల్ని రానివ్వం అని మా బృందంలో రాసుకుంటాం. అంటే నేనే బయటికి పోవాలేమో.

ఎచ్చెర్ల_అమ్మ:
క్లాసు అయ్యాకే వస్తాం. మీరు ఉంటారా?

మాస్టారు_చీపురుపల్లి:
నాలుగున్నర బస్సు తప్పితే మళ్ళీ ఆరున్నరకేనమ్మా.

బొబ్బిలి_వీణ:
భోజనాల బెల్లులో పెట్టుకోండి మరి.

మాస్టారు_చీపురుపల్లి:
ఆ టైంలో భోజనం ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి.

ఎచ్చెర్ల_అమ్మ:
అన్నం దగ్గర ఎలాగూ మా వాళ్ళు ఇద్దరు ఉంటారు కదా. ఫోటోలు వాళ్ళు తీస్తారు.

మాస్టారు_చీపురుపల్లి:
ఫోన్ ఇవ్వను, లాగిన్ నాది. వడ్డన వాళ్ళు చూసుకుంటే మాత్రం నాకు ఒక పావుగంట మిగులుతుంది. మా బడిలో శనివారం మొదలుపెట్టి చూస్తాను, ముందు మూడో తరగతి వాళ్ళతో. ఖాళీ పోస్టు గురించి నేనన్న మాట మాత్రం అలాగే ఉంది.