ఊరి కాలిబాట గోడల మీద బొమ్మలు: మీ ఊళ్లో ఎలా వేయించారు?

చెరువుగట్టు: మా ఊళ్లో బస్టాపు నుంచి హైస్కూలు దాకా కాలిబాట ఉంది. పక్కన పాత సున్నం గోడలు, మధ్యమధ్యలో సిమెంటువి. సంక్రాంతి లోపు బొమ్మలు వేయించాలని కుర్రాళ్లం అనుకుంటున్నాం. ఏ రంగులు, ఏ బొమ్మలు, ఖర్చెంత, ఇళ్లవాళ్లను ఎలా ఒప్పించాలి?

పల్నాటి పిల్ల: ముందు ఎన్నికల సంగతి ఆలోచించండి. మేం పులులు, నెమళ్లు వేయించుకున్నాం. ప్రచారం మొదలవగానే పులి మొహం మీద అభ్యర్థి పేరు రాసేశారు. అడిగితే గొడవకొచ్చారు. ఇప్పటికీ ఆ దారిన పోతే కడుపు మండుతుంది.

రంగుల మేస్త్రి: నేను పుట్టిందే రంగు డబ్బాల మధ్య, నా మాట వినండి. సున్నం గోడ మీద ఎనామిల్ వేయొద్దు. నేలలోంచి గోడలోకి చెమ్మ ఎక్కుతుంది, ఎనామిల్ దాన్ని బయటికి పోనివ్వదు. పొక్కులొచ్చి పెచ్చులూడతాయి. సున్నానికి సున్నమే వేసి, అందులో జేగురు లాంటి మట్టి రంగులు కలుపుకోండి.

కోనసీమ కుర్రాడు: మా రామాలయం ప్రహరీకి ఎనామిలే వేశారు. ఇప్పటికీ నిగనిగలాడుతోంది.

రంగుల మేస్త్రి: అది సిమెంటు ప్రహరీ అయి ఉంటుంది తమ్ముడూ. నేను చెప్పింది సున్నం గోడ గురించి.

కోనసీమ కుర్రాడు: గోడ చూడకుండానే చెప్పేస్తారా? సున్నం రంగు వానకు కారిపోదా?

రంగుల మేస్త్రి: తడి సున్నం మీద వేస్తే గోడలో కలిసిపోతుంది. ఎండిన గోడ మీద పూస్తే కారుతుంది. పని రానివాడు చేసి సున్నాన్ని తిడితే ఎలా? సిమెంటు గోడలకైతే బయటి గోడల ఎమల్షన్ వాడండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి.

సిద్దిపేట అన్న: మా చేర్యాల నకాషీ బొమ్మలు వేయించండి. ఊరి కథలు చెప్పడానికి అంతకు మించినవి లేవు.

రంగుల మేస్త్రి: అవి చింతగింజల జిగురు, సుద్ద పూసిన గుడ్డ మీద వేసే బొమ్మలు. గోడకెక్కిస్తే గీత నకాషీదే ఉంచి, రంగు గోడకు తగ్గది వాడాలి.

సీతంపేట టీచర్: ఎవరైనా మా దగ్గరి సవర గిరిజనుల బొమ్మలు అంటారేమోనని ముందే చెబుతున్నాను. అవి ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, దేవతలనూ పెద్దలనూ పిలిచి వేసేవి. పూజ లేకుండా దారి పక్కన, మనుషులు ఉమ్మేసే చోట వేస్తే మా బడి పిల్లల ఇళ్లలో బాధపడతారు.

పల్నాటి పిల్ల: మహారాష్ట్రలో వార్లీ గిరిజనుల బొమ్మలూ పెళ్లింటి గోడల మీదివే కదా మేడం? జీవ్యా సోమా మాషే అనే చిత్రకారుడు వాటిని బయటికి తెచ్చారు, ఆయనకు 2011లో పద్మశ్రీ ఇచ్చారు.

సీతంపేట టీచర్: ఆయన వార్లీ మనిషే. బయటికి తేవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. మీరో నేనో కాదు.

బరంపురం తెలుగు: పూరీ దగ్గర రఘురాజ్‌పూర్ వెళ్లి చూడండి. ఇళ్ల బయటి గోడల నిండా బొమ్మలే. చిత్రకారులు ఆ ఇళ్లలోనే ఉంటారు కాబట్టి వెలిసిపోతే మళ్లీ వేసుకుంటారు. మన ఊళ్లలో ఒకసారి వేసి ఫొటోలు దిగి వదిలేస్తారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

లక్ష్మక్క: పిడకలు కొట్టుకునే గోడల జోలికి మాత్రం పోకండి బాబూ. మా ఊళ్లో అడక్కుండా హంసలు వేశారు. మా అత్తకు పిడకలకు చోటు లేకుండా పోయింది, పెద్ద రభసయింది. ఆడవాళ్లను అడిగి మొదలుపెట్టండి, ముగ్గులు వాళ్లే వేసిస్తారు.

చెరువుగట్టు: అక్కా, రేపే ఇంటింటికీ వెళ్లి అడుగుతాం. మేస్త్రి గారూ, ముందు ఒక్క సున్నం గోడ చేసి చూస్తాం. కూలి లెక్క చెప్పండి.

కోనసీమ కుర్రాడు: పక్కనే ఇంకో గోడకు ఎనామిల్ వేసి చూడు అన్నా. వచ్చే వానల తర్వాత రెండింటి ఫొటోలూ ఇక్కడే పెట్టు.