తలనొప్పి లేకుండా తల మాత్రమే తిరిగితే మైగ్రేన్ అంటారా?

నిద్రగన్నేరు:
నాలుగు నెలలుగా తల తిరుగుతోంది. కూర్చున్న కుర్చీ పడవలా ఊగుతుంది. తలనొప్పి లేదు. చెవి డాక్టరు ఏమీ లేదన్నారు, నరాల డాక్టరు మైగ్రేన్ అన్నారు. నమ్మాలా?

లెక్కల మాస్టారు:
నమ్మకండి. మైగ్రేన్‌కు తెలుగులో పార్శ్వపు నొప్పి అనే పేరు, ఆ పేరులోనే నొప్పి ఉంది. నొప్పి లేని చోట ఆ పేరెలా పెడతారు? ఏమీ తేలనప్పుడు చెప్పే మాట అది.

తులసికోట:
మాస్టారూ, పేరు పట్టుకుని వేలాడకండి. తల తిరుగుడుగా వచ్చే మైగ్రేన్‌ను వెస్టిబ్యులర్ మైగ్రేన్ అంటారు. దాన్ని గుర్తించడానికి 2012లో బరానీ సొసైటీ (తల తిరుగుడు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం), అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి ప్రమాణాలు రాశాయి. కనీసం 5 సార్లు రావాలి, ఒక్కో విడత 5 నిమిషాల నుంచి 72 గంటలు. ఇప్పుడో గతంలోనో మైగ్రేన్ ఉండాలి. సగం సార్లయినా తలనొప్పో, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడమో, కళ్ల ముందు మెరుపు గీతలో తోడవ్వాలి. ప్రతిసారీ తలనొప్పే రావాలని లేదు. నాకూ ఈ జబ్బే, మూడేళ్లు మెడ అరుగుదలని పట్టీ కట్టించారు. ఎండాకాలంలో దాని కింద చెమటపొక్కులు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని గోడకు ఆనుకునేదాన్ని. పని తప్పించుకోవడానికే అన్నారు ఇంట్లో.

చెరువుగట్టు:
మా అత్తయ్యకు పక్కమీద ఒత్తిగిలినప్పుడే వచ్చేది, అర నిమిషం. డాక్టరు ఎప్లీ పద్ధతిలో (లోపలి చెవిలో చోటు తప్పిన రేణువులను వెనక్కి చేర్చే పద్ధతి) తలను అటూ ఇటూ తిప్పారు, తగ్గిపోయింది.

లెక్కల మాస్టారు:
72 గంటలని తులసికోట గారే రాశారు. ఈవిడకు నాలుగు నెలలు. మీ లెక్కలోనే కుదరలేదు.

తులసికోట:
విడతలుగా వస్తుందా, రోజంతా ఉంటుందా అని అడగాలి కదా! మూడు నెలలు దాటి దాదాపు రోజూ ఉండేదాన్ని పీపీపీడీ (ఎడతెగని తల తూలుడు జబ్బు) అంటారు, మైగ్రేన్ విడతల తర్వాత కూడా అది మొదలవుతుంది. బాధపడే మనిషిని నమ్మకపోవడం మీకు అలవాటేమో.

లెక్కల మాస్టారు:
ఆ మాట అనకండి. మా తమ్ముడు ఒక రాత్రి హఠాత్తుగా తల తిరిగి, వాంతులతో నిలబడలేకపోయాడు. మైగ్రేనేనని ఇంజెక్షన్ చేసి పంపారు. తెల్లారేసరికి చెంచా నోటిదాకా పోలేదు. చిన్నమెదడులో స్ట్రోక్. సీటీలో కనబడలేదు, ఎంఆర్ఐలో కనబడింది.

తులసికోట:
అన్నందుకు మన్నించండి. హఠాత్తుగా నిలబడలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలని నేనూ అంటాను. కానీ ఆ భయంతో ఈ జబ్బే లేదంటే నాలాంటివాళ్లకు మళ్లీ మెడ పట్టీయే.

లెక్కల మాస్టారు:
లేదనను. మిగతావన్నీ చూశాకే ఆ పేరు పెట్టమంటాను.

నిద్రగన్నేరు:
నాకు రోజంతా ఉంటుంది. నిలబడితే, సూపర్ మార్కెట్ అరల మధ్య నడిస్తే ఎక్కువ. పదేళ్ల క్రితం నెలసరి ముందు ఒంటికణత నొప్పి వచ్చేది, డాక్టరు అడిగినప్పుడు గుర్తుకే రాలేదు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని సోమవారం మళ్లీ వెళ్తాను.