స్టాక్‌రూంల పెట్టి తాళం వేసిండు, దెబ్బ తగల్లే. కేసు అయితదా?

లెస్టర్, కొత్త మెంబర్:

అందరికీ నమస్తే. నేను సెప్టెంబర్ ఇంటేక్‌ల ఇంగ్లండ్‌ల లెస్టర్‌కు ఎమ్మెస్సీకి వచ్చిన. మాది కరీంనగర్ దగ్గర. ఇక్కడ ఒక చిన్న స్టోర్‌ల వీకెండ్ షిఫ్టులు చేస్తున్న. స్టూడెంట్ వీసా హద్దు వారానికి 20 గంటలు, ఎప్పుడూ దాటలే. మొన్న శనివారం రాత్రి టిల్‌ల, అంటే గల్లాపెట్టెల, 60 పౌండ్లు తక్కువ వచ్చినయి. మేనేజర్ నన్ను వెనక స్టాక్‌రూంకు తీస్కపోయి, లోపల్నుంచి తాళం వేసి తాళంచెవి జేబుల పెట్టుకున్నడు. "జీతంల కోసుకోమని రాసిస్తెనే పంపుత" అన్నడు. ముప్పావు గంట అట్లనే కూసున్న. పోతనని లేస్తే చెయ్యి పట్టి మళ్ల కుర్చీల కూసోబెట్టిండు. ఒకసారి కొట్టేటట్టు చెయ్యి లేపిండు గానీ కొట్టలే. ఆఖరికి రాసిచ్చి బయటపడ్డ.

రూమ్మేట్లు "దెబ్బే తగల్లే, ఇంక కేసేంది, వీసాకు లేనిపోని లొల్లి, ఊకో" అంటున్నరు. ఊకోవాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

హాట్‌ఫీల్డ్, పాత మెంబర్:

తమ్ముడూ, నేను సొలిసిటర్ని, అంటే వకీలుని, కాను. ఒక లా ఫర్మ్‌లో కేస్‌వర్కర్ని. కింద రాసేది ఇంగ్లండ్, వేల్స్ చట్టం. స్కాట్లండ్ వాళ్లు దీన్ని చూసి అడుగు వెయ్యొద్దు, అక్కడి లెక్క వేరు.

మీ రూమ్మేట్లు మన ఊరి స్టేషన్ లెక్కలో మాట్లాడుతున్నారు. అక్కడ రైటరు మొదట అడిగేదే "దెబ్బలేమన్నా ఉన్నాయా, ఆస్పత్రి కాయితం ఉందా" అని. ఇక్కడి కామన్ లాలో, అంటే పాత కోర్టు తీర్పుల మీద నిలిచిన చట్టంలో, మనిషి ఒంటి మీదకి, మనిషి కదలిక మీదకి వెళ్లడమే తప్పు. దాన్ని ట్రెస్‌పాస్ టు ది పర్సన్ అంటారు. గాయం చూపించాల్సిన పని లేదు, డబ్బు నష్టం చూపించాల్సిన పని లేదు. ఇందులో మూడు రకాలు: అసాల్ట్, బ్యాటరీ, ఫాల్స్ ఇంప్రిజన్‌మెంట్. నువ్వు రాసిన ముప్పావు గంటలో మూడూ జరిగినట్టే కనిపిస్తున్నాయి.

చెయ్యి పట్టి కూర్చోబెట్టడం బ్యాటరీ. కోపంతో ఒకరిని ఏ కాస్త తాకినా అది బ్యాటరీయే అని చీఫ్ జస్టిస్ హోల్ట్ 1704లోనే చెప్పాడు. అలాగని లండన్ మెట్రో రైల్లో భుజం తగిలిన ప్రతివాడి మీదా దావా వెయ్యలేం కదా. రోజువారీ బతుకులో అందరూ సర్దుకుపోయే తాకిడిని కోర్టులు పక్కన పెడతాయి. ఆ గీత ఎక్కడుందో 1984 నాటి కాలిన్స్ వర్సెస్ విల్‌కాక్ కేసులో బాగా తేలింది. ఒకామె మాట్లాడనని వెళ్లిపోతుంటే మహిళా కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని ఆపింది. అరెస్టు చెయ్యడానికి కాదు, ఊరికే ఆపడానికి. ఆ పట్టుకోవడం చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. యూనిఫాం వేసుకున్నవాళ్లకే లేని అధికారం మీ మేనేజర్‌కి ఎక్కడిది?

చెయ్యి ఎత్తడం అసాల్ట్. ఇప్పుడే కొడతాడేమో అని నీకు సహజంగా అనిపించిందా లేదా అన్నదే ప్రశ్న. 1830లో ఒక పారిష్ మీటింగులో ఒకాయన పిడికిలి బిగించి ఛైర్మన్ మీదకి వెళ్లాడు. మధ్యలోనే ఆపేశారు, దెబ్బ పడలేదు. అయినా అసాల్టే అన్నారు, ఒక షిల్లింగు ఇప్పించారు. దీనికి ఎదురు కేసు 1669 నాటిది. ఒకడు కత్తి పిడి మీద చెయ్యేసి "ఊళ్లో జడ్జీలు లేకపోయి ఉంటే నీ మాట సహించేవాణ్ని కాదు" అన్నాడు. జడ్జీలు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఆ మాటకి అర్థం ఇప్పుడు కొట్టనని, అందుకని అసాల్ట్ కాదన్నారు. మూడున్నర శతాబ్దాలైనా ఈ కేసు చెప్పని లా లెక్చరర్ ఉండడు. నీకు పనికొచ్చేదేంటంటే, చెయ్యి లేపినప్పుడు వాడు ఏ మాట అన్నాడో అదే మాట, అదే భాషలో ఈ రాత్రే రాసిపెట్టుకో. అది తెలుగైనా, గుజరాతీ అయినా, ఇంగ్లీషైనా సరే.

అన్నిటికంటే బలమైనది తాళం. అన్ని వైపులా దారి మూసేసి, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఆపితే అది ఫాల్స్ ఇంప్రిజన్‌మెంట్. ఎంతసేపు అన్నది పరిహారం లెక్కకే, తప్పు అయిందా లేదా అన్నదానికి కాదు. "మంచి ఉద్దేశంతోనే ఆపాను" అన్నా నడవదు. ఒక జైలు అధికారి అప్పటి కోర్టు తీర్పుల ప్రకారమే విడుదల తేదీ లెక్కేశాడు. తర్వాత ఆ లెక్కే తప్పని తేలింది, ఖైదీ 59 రోజులు ఎక్కువ ఉండిపోయింది. ఆమెకి 5,000 పౌండ్లు ఇప్పించారు. అప్పట్లో అన్నిటికంటే పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లినా ఆ తీర్పు నిలబడింది.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. మన దేశంలో నాకు హక్కున్న వైపు వెళ్లకుండా ఒక్క దారి అడ్డగించినా నేరమే. పాత ఐపీసీలో 339, ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 126. ఇంగ్లండ్‌లో అలా కాదు. 1845లో హామర్‌స్మిత్ బ్రిడ్జి మీద పడవ పందేలు చూసేవాళ్ల కోసం ఒక పక్క ఫుట్‌పాత్ మూసేశారు. ఒకాయన అటే పోతానన్నాడు. వెనక్కి వెళ్లి రెండో పక్క నుంచి పోవచ్చు కాబట్టి అది నిర్బంధం కాదని కోర్టు చెప్పింది. కాబట్టి మీ స్టాక్‌రూంకి ఇంకో తలుపు ఉందా, డెలివరీ షట్టర్ లాంటిది? ఉంటే అది తెరిచి ఉందా? నిన్ను మొదట అడిగేది ఇదే.

దొంగ అనుకుని పట్టుకున్నాం అంటారేమో. పోలీసు అధికారాలు, సాక్ష్యాల మీద ఉన్న 1984 పేస్ చట్టం సెక్షన్ 24ఎ కింద మామూలు మనిషి కూడా ఒకరిని పట్టి ఆపొచ్చు. కానీ నేరం అయిపోయింది కాబట్టి పట్టుకున్నాం అంటే ఆ నేరం నిజంగా జరిగి ఉండాలి, అనుమానం ఒక్కటే చాలదు. పోలీసులొచ్చే వీలున్నప్పుడు ఈ అధికారం వాడకూడదు. టిల్ లెక్క తప్పడం దొంగతనం కాదు. పైగా నిజంగా దొంగ అనుకున్నవాడు అత్యవసర నంబరు 999కి ఫోన్ చేస్తాడు, జీతం కోత కాయితం రాయించుకోడు. వాడు అడిగిన ఆ కాయితమే వాడికి ఎదురు తిరుగుతుంది.

రెడింగ్, పేరోల్‌లో పనిచేసే అక్క:

ఆ కాయితం గురించి నేను చెబుతాను. బాబూ, దానికి భయపడకు. 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ప్రకారం జీతంలో కోతకి నువ్వు ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలు, కోతకి కారణమైన సంగతి జరగక ముందే ఉండాలి. శనివారం రాత్రి లెక్క తప్పిన తర్వాత రాయించుకున్నది శనివారం రాత్రికి పనికిరాదు. నీ కాంట్రాక్టులో ముందే అలాంటి క్లాజు ఉందేమో చూసుకో. ఉన్నా సరే, రీటైల్ పనివాళ్లకి టిల్ కొరత కింద ఒక జీతం రోజున ఆ గ్రాస్ జీతంలో (పన్నులు పట్టక ముందు జీతంలో) 10 శాతం దాటి కొయ్యకూడదు. ఉద్యోగం మానేసే చివరి జీతానికి మాత్రం ఈ హద్దు లేదు. కాబట్టి కోపంలో రేపే రిజైన్ చెయ్యకు.

కోశారంటే వెంటనే ఏకాస్‌కి (ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ) ఫోన్ చెయ్యి, ఉచితం. ఉద్యోగ తగాదాలు వినే ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే ముందు వాళ్ల దగ్గర నమోదు కావాలి. మూడు నెలల లోపే కదులు, చివరి రోజు దాకా ఆగొద్దు. మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో అడ్వైస్ సెంటర్ ఉంటుంది, అక్కడా డబ్బు తీసుకోరు.

బర్మింగ్‌హామ్:

అన్నగారూ, చదవడానికి బావుంది. కానీ 60 పౌండ్ల గొడవకి కోర్టు ఫీజు, వకీలు ఫీజు ఎవరిస్తారు? పిల్లాడికి డిసర్టేషన్ ఉంది. వేరే షాపులో పని చూసుకోమనండి. నేనైతే అదే చెప్తా.

హాట్‌ఫీల్డ్:

పని మారమని నేనూ చెప్తాను. కానీ నోరు మూసుకుని మారడం వేరు. పరిహారం సంగతికొస్తే, 1997లో అప్పీల్ కోర్టు పోలీసుల అక్రమ నిర్బంధాలకి ఒక మార్గదర్శకం ఇచ్చింది. మొదటి గంటకి సుమారు 500 పౌండ్లు, 24 గంటలకి సుమారు 3,000. ఆ తర్వాత ధరలతో పాటు ఆ అంకెలూ పెరిగాయి. షాపు మేనేజర్ కేసులో అంతే వస్తుందని నేను చెప్పను గానీ, మొదటి గంటకే ఎక్కువ విలువ కట్టారన్నది గమనించండి. తలుపు మూసుకున్న ఆ క్షణపు అదురే పెద్దదని కోర్టుకి తెలుసు.

చాలా గొడవలు కోర్టు దాకా వెళ్లవు. సంగతులు వరుసగా పెట్టి ఓనర్‌కి ఒక లేఖ వెళితే చాలు, ఎందుకంటే మేనేజర్ చేసినదానికి కంపెనీ కూడా జవాబు చెప్పాల్సి రావొచ్చు. 2016లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మొహమూద్ కేసులో, బర్మింగ్‌హామ్‌లోనే, పెట్రోల్ బంకు కియోస్క్ పనివాడు ఒక కస్టమర్‌ని తిట్టి, బయటికి వెంటాడి కొట్టాడు. యజమాని సూపర్‌మార్కెట్ బాధ్యత వహించాలన్నారు. మీ ఊరి కేసే, మీరు విని ఉంటారు.

గడువు తొందర లేదు. ఇలాంటి దావాకి మామూలుగా ఆరేళ్లు. మానసికంగానో శారీరకంగానో గాయమైందని అడిగితే మూడేళ్ల లెక్క వస్తుంది, కాబట్టి మూడే అనుకో. పోలీసులకి చెప్పాలనుకుంటే, అత్యవసరం కాని పోలీసు నంబరు 101. అది సివిల్ కేసుకి అడ్డు కాదు, సివిల్ కేసుకి అది తప్పనిసరీ కాదు. కామన్ అసాల్ట్ కింద నేరం మోపడానికి మాత్రం మామూలుగా ఆరు నెలలే గడువు. బాధితుడు ఫిర్యాదు చెయ్యడం వీసా షరతు తప్పడం కాదు. నీ 20 గంటలు సరిగ్గా ఉన్నాయన్నావు. పేస్లిప్పులు, రోటా స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకో. మేనేజర్ బెదిరించేది ఆ గంటల లెక్కతోనే.

కార్డిఫ్, ఇద్దరు పిల్లల అమ్మ:

చర్చ కొంచెం పక్కకి లాగుతున్నాను, అడ్మిన్లు తిట్టొద్దు. ఈ చట్టం మేనేజర్లకే కాదు, మనకీ ఉంది. "దండం దశగుణం భవేత్" అని పెరిగాం కదా. వేల్స్‌లో 2022 మార్చి 21 నుంచి కన్నపిల్లల్ని కొట్టినా "బుద్ధి చెప్పడానికి" అన్న సాకు చెల్లదు. స్కాట్లండ్‌లో 2020 నవంబర్ 7 నుంచే. ఇంగ్లండ్‌లో ఆ సాకు ఇంకా ఉంది గానీ, దెబ్బ వాతలు తేలేలా ఉంటే అక్కడా పనికిరాదు. సంక్రాంతి మీటప్‌లో హాలు మధ్యలో పిల్లాడి వీపు మీద ఒక్కటిచ్చేవాళ్లని ఏటా చూస్తున్నా. చూసేవాళ్లందరూ మనవాళ్లే కారు, హాలు స్టాఫ్ కూడా ఉంటారు. కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఇది ముందే చెప్పండి.

లెస్టర్, కొత్త మెంబర్:

అన్నా, అక్కా, శాన థ్యాంక్స్. నిన్న పోయి చూసిన. షట్టర్ ఉంది గానీ రాత్రి పూట దానికీ తాళమే. స్టాక్‌రూంల మూలకు కెమెరా ఉంది. అది నాకు ఇస్తరా? అడిగితే చెరిపేస్తరేమో అని భయం.

హాట్‌ఫీల్డ్:

అడగకపోతేనే చెరిగిపోతుంది. చాలా షాపుల్లో పాత రికార్డింగు మీద కొన్ని వారాల్లో కొత్తది వచ్చి పడుతుంది. నీ బొమ్మ ఉన్న ఫుటేజీ కాపీ అడిగే హక్కు డేటా ప్రొటెక్షన్ చట్టం కింద నీకుంది. దాన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు, రుసుము ఉండదు, మామూలుగా ఒక నెలలో జవాబివ్వాలి. నువ్వు అడిగావని తెలిశాక ఇవ్వకుండా ఉండేందుకు చెరిపితే అదే ఇంకో నేరం. మేనేజర్‌కి కాదు, కంపెనీ హెడ్డాఫీసు ఈమెయిల్‌కి పంపు. యూనివర్సిటీ మెయిల్ నుంచి కాకుండా నీ సొంత మెయిల్ నుంచి పంపు, చదువయ్యాక యూనివర్సిటీ మెయిల్ పోతుంది.

మెయిల్లో కోపం వద్దు, కేసుల పేర్లూ వద్దు. నీ పేరు, ఏ బ్రాంచి, శనివారం తేదీ, తాళం వేసినప్పుడు, తీసినప్పుడు సుమారుగా ఎన్ని గంటలైందో. ఆ సమయానికి స్టాక్‌రూం కెమెరాలో, టిల్ కెమెరాలో నా బొమ్మ ఉన్న రికార్డింగు కాపీ కావాలి, అంతవరకూ దాన్ని భద్రపరచండి అని రాయి. ఆ రోజు టిల్ రసీదు రోల్, నా చేత రాయించుకున్న కాయితం నకలు కూడా అడుగు. పంపేముందు ఒకసారి నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, ఇంగ్లీషు చూస్తాను. రేపు సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగానే ఉంటాను.