కెన్యాకు మిషన్ ఇంటర్న్‌గా వెళ్తున్న అమ్మాయి దినచర్య ఎలా ఉంటుంది?

ప్రశ్న: గాజువాకవాసి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, గాజువాకలోని మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతోంది. విదేశీ పరిచర్య విషయంలో ఆమెకు చాలాకాలంగా భారం ఉంది. ఇప్పుడు ఒక మిషన్ సంస్థ తొమ్మిది నెలల ఇంటర్న్‌షిప్ కోసం ఆమెను కెన్యా పశ్చిమ భాగంలోని కిసుము ప్రాంతానికి పంపడానికి సిద్ధంగా ఉంది. వారు ఇచ్చిన కరపత్రంలో సేవ, శిక్షణ, సువార్త అనే మాటలు చాలాసార్లు కనిపించాయి గాని, అమ్మాయి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు ఏం చేస్తుంది, ఎవరి ఇంట్లో తింటుంది, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అన్నది ఎక్కడా లేదు. దేవుని పిలుపుకు అడ్డుపడాలన్నది నా ఉద్దేశం కాదు. కాని ఈ సంగతులు తెలియకుండా ఆమెను విమానం ఎక్కించడానికి నాకు, మా ఇంట్లో వారికి మనసు ఒప్పడం లేదు. అక్కడ ఉండి వచ్చినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

సమాధానం: ఎం.వి.పి. కాలనీ సోదరి

అన్నగారూ, వందనాలు. నేను కిసుముకు దగ్గరలోని ఒక ఊళ్లో ఇంటర్న్‌గా పనిచేసి వచ్చాను. మీ అమ్మాయి రోజులో బోధకు, పాటలకు పట్టే సమయం మీరు ఊహిస్తున్నదానికంటే చాలా తక్కువగా ఉంటుంది. మిగిలినదంతా ఇంటి పని, భాష నేర్చుకోవడం, మనుషుల దగ్గర కూర్చోవడం. వెళ్లకముందే ఈ సంగతి తెలిసిన ఇంటర్న్‌లు స్థిమితంగా ఉంటారు. తెలియనివారు మొదటి నెలలోనే తాము ఏమీ చేయడం లేదని కుంగిపోవడం నేను చూశాను.

ఆ ప్రాంతం భూమధ్యరేఖకు ఆనుకుని ఉంటుంది కనుక ఏడాది పొడవునా ఆరున్నర ప్రాంతంలో తెల్లవారి, సాయంత్రం ఏడయ్యేసరికి చీకటి పడుతుంది. నేను ఉన్న ఇంట్లో తెల్లవారకముందే లేచేవారు. కుళాయి లేదు కనుక పసుపు రంగు ఇరవై లీటర్ల డబ్బాలతో నీళ్లు తెచ్చుకోవడం మొదటి పని. తరువాత కుటుంబ ప్రార్థన, పాలు పోసి కాచిన టీ, దానితో పాటు చపాతీ గాని రొట్టె గాని. ఉదయమంతా స్వాహిలి పాఠం, ఆపైన సంఘం నడిపే బడిలో ఉపాధ్యాయురాలికి సహాయం. మధ్యాహ్నం సంఘంలోని ఒక పెద్దావిడ వెంట ఇళ్ల దర్శనానికి వెళ్లేదాన్ని. ఆమె మాట్లాడేది, నేను కూర్చుని వినేదాన్ని. స్వాహిలి కొంత పట్టుబడ్డాక ఆ ఇళ్లలో చాలామంది తమలో తాము ఆ ప్రాంతపు లువో తెగ భాషలోనే మాట్లాడుకుంటారని తెలిసి, నమస్కారాలు, కుశలప్రశ్నలు ఆ భాషలో కూడా నేర్చుకోవలసి వచ్చింది. వేళ చెప్పే పద్ధతి కూడా ముందే నేర్పించండి. స్వాహిలిలో పొద్దున ఏడు గంటలను ఒకటి అని, ఎనిమిదిని రెండు అని లెక్కిస్తారు. ఇది తెలియకపోతే ఎవరైనా చెప్పిన వేళకు ఆరు గంటల తేడాతో వెళ్తాము.

తిండి గురించి ఇంట్లో వారిని దిగులు పడవద్దని చెప్పండి. మొక్కజొన్న పిండితో గట్టిగా వండే ఉగాలి మన సంకటి వంటిదే. దానిలోకి ఆకుకూర, చిక్కుడు గింజలు, విక్టోరియా సరస్సు చేపలు ఉంటాయి. ఒమేనా అనే చిన్న ఎండు చేపలను చూస్తే మన నెత్తళ్లే గుర్తుకొస్తాయి. భోజనానికి ముందు చెంబుతో నీళ్లు పోసి చేతులు కడిగిస్తారు, చేత్తోనే తింటారు. ఉప్పు కారాలు తక్కువ అనిపించడం ఒక్కటే ఇబ్బంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినవి అక్కడి చావు ఇళ్లు. లువో ప్రజలలో ఎవరైనా చనిపోతే బంధువులు ఎంత దూరం నుంచైనా సొంత ఊరికి చేరుకుంటారు, ఆ కార్యక్రమం రోజుల తరబడి సాగుతుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ వండి పెట్టాలి. అక్కడ ఇంటర్న్ చేయగల సేవ అంటే కూరగాయలు తరగడం, నీళ్లు మోయడం, ఏడ్చేవారి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం. నేను సండే స్కూలులో చెప్పిన పాఠాలు అక్కడ ఎవరికి గుర్తున్నాయో చెప్పలేను గాని, ఆ వంటపాకలో నాతో కలిసి పనిచేసిన స్త్రీలు ఇప్పటికీ ఫోన్ చేసి మా అమ్మను కూడా పేరు పెట్టి పలకరిస్తారు.

సమాధానం: మహారాణిపేట నర్సు

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు. పసుపు జ్వరం టీకా తప్పనిసరిగా వేయించండి. కెన్యా నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఆ ధ్రువపత్రం లేకపోతే మన దేశంలో దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే ఈ టీకా వేస్తారు. ముందుగా మన పోర్టు ఆరోగ్య కార్యాలయంలో విచారించండి.

నైరోబీ ఎత్తున ఉండటం వల్ల అక్కడ మలేరియా తక్కువ గాని, సరస్సు చుట్టుపక్కల చాలా ఎక్కువ. దోమతెర ఒక్కటే చాలదు. డాక్టరు సలహాతో నివారణ మాత్రలు వాడాలి. డాక్సీసైక్లిన్ వంటి మందు ఇస్తే తిరిగి వచ్చిన తరువాత కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. ఇంటికి చేరాం కదా అని చాలామంది అక్కడే మానేస్తారు. వచ్చిన కొన్ని నెలలలో ఎప్పుడు జ్వరం వచ్చినా, కెన్యా వెళ్లి వచ్చిన సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

సముద్రం పక్కన పెరిగిన పిల్ల కనుక ఇంకొక హెచ్చరిక. సరస్సులో దిగి స్నానం చేయకూడదు. ఆ నీటిలోని నత్తల ద్వారా బిల్హార్జియా అనే జబ్బును కలిగించే పరాన్నజీవి చర్మం గుండా శరీరంలోకి ప్రవేశిస్తుంది. అద్దె మోటారు సైకిళ్ల మీద హెల్మెట్ లేకుండా గాని, చీకటి పడ్డాక గాని ఎక్కనని ఆమె చేత మాట తీసుకోండి.

సమాధానం: భీమిలి పాస్టరు

సహోదరా, మా సంఘంలో విదేశాల నుంచి వచ్చిన యువకులకు ఆతిథ్యం ఇచ్చిన అనుభవంతో, ఆతిథ్యం ఇచ్చేవారి వైపు నుంచి చెబుతున్నాను. మాకు మేలు చేసినవారు మా స్థానిక పెద్దల మాట విని, వారు చూపిన పని చేసినవారే. కనుక కరపత్రం పక్కన పెట్టి సంస్థను సూటిగా అడగండి. కిసుములో మీ అమ్మాయి ఏ సంఘం కింద, ఏ పెద్ద పర్యవేక్షణలో ఉంటుంది? ఆమె మనసు విప్పి మాట్లాడగల స్త్రీ ఎవరు? మధ్యలో తిరిగి రావలసి వస్తే టికెట్టు ఖర్చు ఎవరిది? వీటికి పేర్లతో, వివరాలతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వని సంస్థతో పంపడం నాకు సమ్మతం కాదు.

పత్రాల సంగతి మరీ ముఖ్యం. 2024 జనవరి నుంచి కెన్యా వీసాకు బదులు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ఇస్తోంది. అది సందర్శకులుగా ప్రవేశించడానికే. నెలల తరబడి సంఘంలోను, బడిలోను పనిచేయాలంటే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ నుంచి వేరే అనుమతి ఉండాలి, దానికి ఆతిథ్య సంస్థే దరఖాస్తు చేయాలి. సందర్శకురాలిగా వెళ్లి పని చేయవచ్చులే అని ఎవరైనా అంటే అంగీకరించకండి. సువార్త పేరు చెప్పుకుని ఒక దేశపు చట్టాన్ని దాటడం సాక్ష్యానికే మచ్చ. పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టే విషయంలో సంస్థకు నియమం ఉందో లేదో కూడా అడగండి. మన పిల్లలను ఎవరో ఫొటో తీసి దీనులుగా చూపించి కానుకలు అడిగితే మనం ఒప్పుకోము గదా.

భాషకు ఎన్ని వారాలు కేటాయించారో కనుక్కోండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మొదట కూర్చున్నది తెలుగు నేర్చుకోవడానికే. ఆనందరాయర్ అనే మన దేశపు విశ్వాసి సహాయం దొరికాకే వారి సువార్తల అనువాదం ముందుకు సాగింది. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ అనువాదం 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయింది. తొమ్మిది నెలలకు వెళ్లే అమ్మాయికి కూడా అటువంటి స్థానిక సహాయకురాలు ఒకరు మొదటి రోజు నుంచే ఉండాలి.

గాజువాకవాసి

అందరికీ కృతజ్ఞతలు. పాస్టరు గారు చెప్పిన ప్రశ్నలన్నీ ఈ రోజే సంస్థకు రాసి పంపాను. టీకా కోసం సోమవారం విచారిస్తాను. మా ఆవిడ అడగమన్న సంగతి ఒకటి ఉంది. ఆవకాయ పంపవచ్చా?

ఎం.వి.పి. కాలనీ సోదరి

పంపండి అన్నగారూ. అయితే 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేస్తారు. పచ్చడిని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, గుడ్డ సంచిలో చుట్టి, చెక్-ఇన్ సామానులోనే ఉంచండి. కొంచెం ఎక్కువే పెట్టమని వదినగారికి చెప్పండి, ఆ ఇంటివారు కూడా అడుగుతారు.