మూడు వారాలుగా ఇంట్లో దగ్గు, ఒకరిది తగ్గకముందే ఇంకొకరిది. మీ అనుభవాలు చెప్పండి

కేపీహెచ్‌బీ కోడలు
నమస్తే అండీ. డిసెంబరు మొదటి వారం నుంచి మా ఇంట్లో దగ్గు వినపడని రాత్రి లేదు. ముందు మా నాలుగేళ్ల బాబుకి జలుబు, జ్వరం వచ్చాయి. మూడు రోజులకి జ్వరం పోయింది, దగ్గు ఉండిపోయింది. పగలు బాగానే ఆడుకుంటాడు. రాత్రి రెండింటికి లేచి దగ్గి దగ్గి తాగిన పాలన్నీ కక్కేస్తాడు. పక్క బట్టలు మార్చి మళ్లీ పడుకోబెట్టేసరికి నాలుగవుతుంది.

మా అత్తయ్యగారిది ఇంకో రకం. ఆవిడకి 63 ఏళ్లు. జలుబు లేదు, జ్వరం లేదు, గొంతులో వెంట్రుక అడ్డం పడినట్టు పొడి దగ్గు. ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడితే చాలు, మొదలవుతుంది. రెండు నెలలు దాటింది. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ రెండు సీసాలు అయిపోయాయి. మావారు బాబుకి కూడా అదే సగం మూత పోద్దామంటున్నారు. నేను వద్దన్నాను కానీ, అర్ధరాత్రి వాడి అవస్థ చూస్తే పోసేద్దామనే అనిపిస్తోంది.

ఉప్పల్ కవలల అమ్మ
పోయకండి అక్కా, దయచేసి. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసింది దగ్గు సిరప్పే. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని చెప్పింది. ఐదేళ్ల లోపు వాళ్లకి కూడా మామూలుగా వద్దనే అంది. ఇక సీసా మంచిదే అయినా, పెద్దవాళ్ల మందులో సగం పోస్తే అది పిల్లల మోతాదు అయిపోదు.

మా పిల్లలిద్దరికీ పనిచేసింది తేనె. పడుకునే ముందు అర చెంచా, అంతే. మరుసటి రాత్రి నుంచే లేవడం తగ్గింది. ఏడాది నిండని పిల్లలకి మాత్రం ఒక్క చుక్క కూడా నాకించకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మా ఇంట్లో పుట్టిన బిడ్డకి తేనె నాకించే ఆచారం ఉంది. నేను ఏడ్చి మరీ ఆపించాను.

సికింద్రాబాద్ అమ్మమ్మ
కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగుతూ ఉంటే పెద్దవాళ్లకి గొంతు గరగర తగ్గుతుంది తల్లీ. నాలుగేళ్ల వాడికి మాత్రం పెట్టకు, గొంతులో ఇరుక్కుంటుంది. వాడికి మిరియాలు తగ్గించి వేడి వేడి చారన్నం పెట్టు. వేడిగా ఏది లోపలికి పోయినా గొంతుకి హాయే.

నల్లకుంట సిస్టర్
పిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. బాబు దగ్గు ఎంత గట్టిగా ఉందన్నది కాదమ్మా, ఊపిరి ఎలా తీస్తున్నాడన్నది ముందు చూడు. నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి జరిపి, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆలస్యం చేయకూడదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50, రెండు నెలలు నిండని పసికందుకి 60 హద్దు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా, అంటే మనం డొక్కలు ఎగరేస్తున్నాడు అంటామే అది, పెదాలు నీలంగా మారినా, నీళ్లు కూడా తాగలేక మత్తుగా పడి ఉన్నా అంకెలు చూస్తూ కూర్చోవద్దు. అర్ధరాత్రయినా బయల్దేరండి. నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఏ వేళకి వెళ్లినా చూస్తారు.

ఇవేమీ లేకపోతే, జలుబు తర్వాతి దగ్గు రెండు మూడు వారాలు సాగడం మామూలే. ఒక కాగితం మీద దగ్గు ఎప్పుడు వస్తోందో, దానికి ముందు ఇంట్లో ఏం జరిగిందో రాసిపెట్టుకో. డాక్టరుకి ఆ కాగితం సగం పని చేసిపెడుతుంది.

కేపీహెచ్‌బీ కోడలు
సిస్టర్ గారూ, లెక్కపెట్టాను. 26. రెండోసారి 27. చేతులు వణికాయి కానీ, చూశాక ప్రాణం కుదుటపడింది. డొక్కలు ఎగరడం లేదు. రాయడం మొదలుపెట్టగానే ఒకటి కనిపించింది. సాయంత్రం ఆరింటికి అత్తయ్యగారు దేవుడి దగ్గర సాంబ్రాణి వేసి ఆ పొగ ఇల్లంతా తిప్పుతారు. తర్వాత దోమలకి తలుపులన్నీ మూసి కాయిల్ వెలిగిస్తాం. మూడు రాత్రులూ అంతే.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్
మీ అత్తయ్యగారి దగ్గు చదువుతుంటే మా నాన్నే గుర్తొచ్చారండి. ఆయన ఐదు నెలలు అలాగే దగ్గారు. ఎక్స్‌రే బాగుంది. కళ్లె పరీక్ష చేయిద్దామంటే అసలు కళ్లె పడితే కదా! ఒక చోట ఎలర్జీ అన్నారు, ఇంకో చోట గ్యాస్ అని నెల రోజులు మాత్రలు వాడించారు. యాంటీబయాటిక్స్ మూడు కోర్సులు మింగారు. దగ్గినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు జరుగుతున్నారని బస్సెక్కడం మానేశారు. గుడికి వెళ్లినా చివర నిలబడేవారు. అది చూడలేకపోయాను.

చివరికి ఒక డాక్టరమ్మ స్టెత్ తీయకముందే, మీరు రోజూ వేసుకునే మాత్రలన్నీ ఈ బల్ల మీద పెట్టండి అన్నారు. నాన్న సంచీలోంచి పట్టీలు ఒక్కొక్కటీ తీసి పెడుతుంటే నాలుగోదాని మీద వేలు పెట్టారు. బీపీకి వేసుకునే రామిప్రిల్. ప్రిల్ అని ముగిసే బీపీ మందులతో కొంతమందికి పొడి దగ్గు వస్తుందట. వేసుకున్న వెంటనే రానక్కర్లేదు, నెలల తర్వాత కూడా మొదలవచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దాన్ని ఆపి టెల్మిసార్టాన్ రాశారు. మూడో వారానికి దగ్గు లేదు. ఒకసారి అత్తయ్యగారి మాత్రల డబ్బా చూడండి.

కేపీహెచ్‌బీ కోడలు
ఎనలాప్రిల్! దసరా ముందు మార్చారు. దగ్గు దీపావళి దాటాక మొదలైంది. ఇది నాకు తట్టనే లేదు. రేపటి నుంచి ఆపేయమనమంటారా?

నల్లకుంట సిస్టర్
వద్దు. మీ అంతట మీరు ఆపితే బీపీ పెరిగి కొత్త ప్రమాదం వస్తుంది. ఆ పట్టీ తీసుకుని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. మార్చడం వాళ్లకి రెండు నిమిషాల పని. మార్చాక కూడా దగ్గు పూర్తిగా పోవడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. రెండో రోజే తగ్గలేదని బెంగపడొద్దు. ఇంకో మాట. దగ్గు రెండు నెలలు దాటింది కాబట్టి మాత్రదే తప్పని మనమే తేల్చేసుకోకుండా ఎక్స్‌రే కూడా అడగండి.

బోరబండ ఆటో అన్న
సిస్టర్ చెప్పిన ఎక్స్‌రే మాట వదిలెయ్యకండి అక్కా. నాకు దగ్గొస్తే రోడ్డు మీద దుమ్ము, పొగ అనుకున్నా. రెండు నెలలు చాయ్‌తో, మెడికల్ షాపు గోలీలతో నెట్టుకొచ్చా. సాయంత్రం ఒళ్లు వెచ్చబడేది, ప్యాంటు నడుము దగ్గర వదులైంది. బస్తీ దవాఖానాలో డాక్టర్ సాబ్ ఒకటే అడిగిండు, రెండు వారాలు దాటిందా అని. దాటితే టీబీ పరీక్ష చేయించాల్సిందే అన్నాడు. కళ్లెలో తేలింది. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాలో చూపించుకున్నా. ఆరు నెలలు మందులు వాడా, మొత్తం ఫ్రీ. ఇప్పుడు మళ్లీ బండి నడుపుతున్నా.

మందుల కన్నా కష్టమైంది ఎవరికీ చెప్పుకోలేకపోవడం. నా ఇద్దరు పిల్లలకు కూడా పరీక్ష చేయించాలన్నప్పుడు నా భార్య ముఖం చూడలేకపోయా. వాళ్లకి ఏం లేదు, దేవుడి దయ. దాచుకుంటే ఇంట్లోవాళ్లకే ముప్పు. 1800-11-6666కు ఫోన్ చేస్తే టీబీ గురించి చెబుతారు, డబ్బులు పడవు.

శాలిబండ నుంచి
మా దగ్గర దగ్గంటే ముందు జోషాందా అనే మూలికల కషాయం కాచుతారు, లేదంటే జిందా తిలిస్మాత్ అనే యునానీ మందు రెండు చుక్కలు వేడి చాయ్‌లో. 1920 నుంచి మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది, మా నానమ్మ పర్సులో ఎప్పుడూ ఉండేది. పెద్దవాళ్లకి ఊరటనిస్తుంది, నేనూ వాడతా. కానీ పిల్లలకి ఆవిరి పట్టకండి. మా చిన్నాన్న కూతురికి ఆరేళ్లప్పుడు దుప్పటి కప్పి ఆవిరి పడుతుంటే గిన్నె ఒరిగింది. తొడ మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు దాని అరుపు నేను మర్చిపోలేను.

మియాపూర్ తొమ్మిదో అంతస్తు
బాల్కనీలో పావురాలు ఉన్నాయా అని కూడా చూసుకోండి. మా అమ్మ రోజూ జొన్నలు వేసేది, రెట్ట తనే పొడిగా ఊడ్చేది. ఏడాదికి మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. సీటీ స్కాన్ తీశాక ఊపిరితిత్తులకు ఆ ధూళి పడలేదని తేలింది. ఇప్పుడు వల కట్టించాం. అమ్మకి పావురాలంటే ప్రాణం, వల కట్టిన రోజు అన్నం తినలేదు. కానీ పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాలేదు. ముందే తెలిస్తే ఎంత బాగుండేదో.

మలక్‌పేట నాన్న
రాత్రి దగ్గు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆస్తమా ఏమో అడగండి. మా పాపకి పిల్లికూతలు లేవు, వట్టి దగ్గే, అయినా అది ఆస్తమానే. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూలో నిలబడి చేప ప్రసాదం వేయించాం. నమ్మకం నమ్మకమే, దాన్ని నేను కాదనను. ప్రసాదం వేయించాం కదా అని ఇన్‌హేలర్ ఆపేశాను, అది నా తప్పు. ఆగస్టులో పాపని ఐసీయూలో చూశాను. ఇన్‌హేలర్ అలవాటైపోతుంది అనే మాట ఎవరన్నా వినకండి. స్పేసర్ గొట్టం పెట్టి ఇస్తే మందు కొంచెమే, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

కేపీహెచ్‌బీ కోడలు
నెల తర్వాత రాస్తున్నాను. బాబుని పిల్లల డాక్టరుకి చూపించాం. ఛాతీ బాగుంది, వైరల్ తర్వాతి దగ్గు, పొగ వల్ల సాగుతోంది అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు. చలికాలమంతా ఇలాగే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆస్తమా కోసం చూద్దామన్నారు. కాయిల్ మానేసి దోమతెర కట్టాం. సాంబ్రాణి సంగతి అత్తయ్యగారికి ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే, ఆవిడే మనవడి దగ్గు విని ఆ ధూపం గిన్నె కడిగి అటక మీద పెట్టేశారు. పది రోజులుగా వాడు రాత్రి లేవడం లేదు.

అత్తయ్యగారి ఎక్స్‌రేలో ఏమీ లేదు, మాత్ర మార్చారు. రెండు వారాలు ఏ మార్పూ లేదు, సిస్టర్ గారి మాట గుర్తు చేసుకుంటూ ఆగాం. నిన్న రాజమండ్రిలో ఉన్న వాళ్ల చెల్లెలితో ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడారు. నేను వంటింట్లో చెయ్యి ఆపి వింటూ నిలబడ్డాను. ఒక్కసారి కూడా దగ్గలేదు.